బిల్లు వచ్చేదాకా: కృష్ణా డెల్టాలో చిన్న కాంట్రాక్టరు బతుకు



డాక్టర్ కానూరి లక్ష్మణరావు గారి స్మృతిలో మాట్లాడే అవకాశం సాధారణంగా ఇంజనీర్లకో, ఆచార్యులకో దక్కుతుంది. ఒక సివిల్ కాంట్రాక్టరును పిలిచినందుకు నిర్వాహకులకు కృతజ్ఞుణ్ని. కె.ఎల్.రావు గారు 1902లో మన కంకిపాడులో పుట్టారు. చిన్నతనంలోనే ఒక కన్ను చూపు పోయింది. మద్రాసులో చదివి, బర్మింగ్‌హామ్‌లో డాక్టరేటు తెచ్చుకున్నారు. 1962 నుంచి 1977 దాకా విజయవాడకు పార్లమెంటు సభ్యులుగా, పదేళ్లు కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్ శాఖల మంత్రిగా ఉన్నారు. తన ఆత్మకథకు 'ది క్యూసెక్స్ క్యాండిడేట్' అని పేరు పెట్టుకున్నారు. నీటి కొలతనే తన చిరునామాగా చెప్పుకున్న మనిషి! పులిచింతల ప్రాజెక్టుకు ఇప్పుడు ఆయన పేరే ఉంది.

నాగార్జునసాగర్ తలుచుకోకుండా ఆయన్ను తలుచుకోలేం. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాలువలకు నీళ్లు వదిలారు. అది రాతి కట్టడం. యంత్రాల కన్నా మనుషులు ఎక్కువగా కట్టిన ఆనకట్ట. వేలాది మంది పాలమూరు కూలీలు, వడ్డెర్లు రాయి కొట్టి, రాయి మోసి, రాయి పేర్చారు. వాళ్లను ఊళ్ల నుంచి తీసుకొచ్చి, గుడిసెలు వేయించి, వారం వారం బట్వాడా చేసిన గుంపు మేస్త్రీలు, పీసు వర్కు కాంట్రాక్టర్లు ఉన్నారు. శిలాఫలకాల మీద వాళ్ల పేర్లు లేవు. ఆ వరుస మనుషుల బతుకు గురించే ఈ సాయంత్రం మాట్లాడతాను.

ఒకటి: ఎవరీ చిన్న కాంట్రాక్టరు

కాంట్రాక్టరు అనగానే జనానికి పెద్ద కారు, పార్టీ కండువా గుర్తొస్తాయి. అలాంటివాళ్లు ఉన్నారు, ఉంటారు. నేను చెప్పేది వేరే మనిషి గురించి. పంచాయతీలో సిమెంటు రోడ్డు ముక్క వేసేవాడు, కాలువ మీద తూము బాగుచేసేవాడు, ఇళ్లకు చదరపు అడుగు లెక్కన లేబర్ కాంట్రాక్టు ఒప్పుకునేవాడు, సెంట్రింగ్ చెక్కలు అద్దెకిచ్చి శ్లాబు వేయించేవాడు, ప్లంబింగు, కరెంటు, రంగుల పని పట్టేవాడు. ఎక్కువమంది తాపీ పట్టుకుని మొదలైనవాళ్లే. మంచి మేస్త్రీ అని నలుగురూ అన్నాక, ఎవరో ఒక ఆసామి "నువ్వే మొత్తం చూసుకోరాదా?" అని అడిగిన రోజున కాంట్రాక్టరయ్యారు.

ఆ రోజు దాకా కూలి తీసుకున్న మనిషి మర్నాటి నుంచి కూలి ఇవ్వాలి. జీతం లేదు, పీఎఫ్ లేదు, పండక్కి బోనస్ లేదు. జ్వరమొస్తే పని ఆగదు కాబట్టి ఖర్చూ ఆగదు. అయినా ఎందుకు దిగుతారు? నేను చాలామందిని అడిగాను. పెనమలూరులో ఒకాయన చెప్పిన మాట నాకు నచ్చింది: "ఈ ఇల్లు ఎవరు కట్టారంటే నా పేరు చెప్పాలి." అది డబ్బు కోసం అన్న మాట కాదు, పని తెలిసినవాడి అభిమానం. దాన్ని తక్కువ చేసి చూస్తే ఈ వృత్తి అర్థం కాదు.

నా వాదన ఇది. ఈ మనిషి బతుకులో ఎత్తుపల్లాలు పనితనాన్ని బట్టి రావు, పని దొరకడాన్ని బట్టి కూడా అంతగా రావు. పని పూర్తయిన రోజుకూ డబ్బు చేతికొచ్చిన రోజుకూ మధ్య ఎంత దూరం ఉందన్న దాన్ని బట్టి వస్తాయి. ప్రభుత్వమైనా, అపార్ట్‌మెంటు బిల్డరైనా, ఇల్లు కట్టించుకునే గృహస్థయినా, ఆ దూరమంతటికీ పెట్టుబడి పెట్టేది చిన్న కాంట్రాక్టరే. అతను పనివాడి వేషంలో ఉన్న రుణదాత. వడ్డీ రాని అప్పు ఇచ్చి, వడ్డీకి తెచ్చిన అప్పు తీర్చుకునేవాడు.

రెండు: నూరు రూపాయల లెక్క

లెక్క చెప్తాను, కొంచెం ఓపిక పట్టండి. విద్యార్థులు రాసుకుంటే మంచిది. మీలో సగం మంది రేపు ఈ లెక్కకు అటు వైపో ఇటు వైపో కూర్చుంటారు.

ఆదాయపు పన్ను చట్టంలో 44ఏడీ అని ఒక సెక్షను ఉండేది, మన బోటివాళ్లందరికీ పరిచయమే. రెండు కోట్ల లోపు టర్నోవరు ఉన్న చిన్న వ్యాపారి పద్దు పుస్తకాలు చూపించనక్కర్లేదు, నూటికి ఎనిమిది రూపాయలు లాభం వచ్చినట్టు ఒప్పుకుని పన్ను కడితే చాలు. బ్యాంకు ద్వారా వచ్చిన సొమ్ము మీద ఆరు రూపాయలు. అంటే చట్టమే ఊహించిన లాభం నూటికి ఎనిమిది. సరే, ఎనిమిదే అనుకుందాం. నూరు రూపాయల పనికి తొంభై రెండు రూపాయలు ఖర్చు.

ఆ తొంభై రెండు ఎక్కడి నుంచి వస్తుంది? ఇంట్లో బంగారం, బంధువుల సాయం, చీటీ పాట, హార్డ్‌వేర్ షాపు ఖాతా. అవి అయిపోయాక నూటికి రెండు రూపాయల వడ్డీ. మన వైపు రెండు రూపాయల వడ్డీని ఎవరూ అన్యాయం అనరు, మర్యాదగా దొరికిన అప్పు అంటారు. నెలకు రెండంటే తొంభై రెండు రూపాయల మీద నెలకు రూపాయి ఎనభై నాలుగు పైసలు. నాలుగు నెలలకు ఏడు రూపాయల ముప్పై ఆరు పైసలు. ఐదో నెల సగానికి రాకముందే ఆ ఎనిమిది రూపాయలూ పోయాయి. అక్కడి నుంచి బిల్లు వచ్చేదాకా గడిచే ప్రతి రోజూ అతను ఎదురు డబ్బిచ్చి ప్రభుత్వానికి పని చేస్తున్నట్టు.

పని నాసిరకంగా చేశాడా? లేదు. సిమెంటు తగ్గించాడా? లేదు. గోడ నిటారుగా ఉంది, తూకం గుండు వేసి చూసుకోవచ్చు. మనిషి మాత్రం మునిగాడు.

ఇప్పుడు ప్రభుత్వ పనిలో బిల్లు నడిచే దారి చూడండి. ఏఈ గారు కొలిచి ఎం బుక్కులో, అంటే కొలతల పుస్తకంలో, రాయాలి. డీఈ గారు చెక్ మెజర్‌మెంట్ చేయాలి. ఈఈ గారు పాస్ చేయాలి. అక్కడి నుంచి పే అండ్ అకౌంట్స్‌కు వెళ్లాలి. 2018 నుంచి అంతా సీఎఫ్ఎంఎస్‌లో, కంప్యూటర్లో నడుస్తోంది. ఎక్కడుందో ఫోన్లో చూసుకోవచ్చు, అది నిజమే. కానీ ఎప్పుడొస్తుందో ఆ ఫోను చెప్పదు. మార్చి 31 వచ్చిందంటే ఆ ఏడాది బడ్జెట్టు ముగుస్తుంది. ఆ తలుపు మూసేలోగా లోపలికి వెళ్లిన బిల్లు ఒకటి, బయట ఆగిన బిల్లు ఒకటి. మార్చి ఆఖరి వారంలో డివిజన్ ఆఫీసు వరండాలో నిలబడిన మొహాలు చూస్తే చాలు, నేను చెప్పే ఎత్తుపల్లాలు ఏమిటో తెలుస్తుంది.

వచ్చినప్పుడు కూడా మొత్తం రాదు. ఆదాయపు పన్ను కింద ఒక శాతం ముందే పట్టుకుంటారు. కాంట్రాక్టు రెండున్నర లక్షలు దాటితే జీఎస్టీ కింద రెండు శాతం. కార్మిక సంక్షేమ సెస్సు ఒక శాతం. సెక్యూరిటీ డిపాజిట్టు కొంత ఆగుతుంది, లోపాల బాధ్యత గడువు తీరాక ఇస్తారు. వీటిలో ప్రతిదానికీ న్యాయమైన కారణం ఉంది, నేను కాదనను. అన్నీ కలిసి కత్తిరించేది ఆ ఎనిమిది రూపాయల నుంచే అన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. 2022 జూలై 18న ప్రభుత్వ పనుల మీద జీఎస్టీ పన్నెండు నుంచి పద్దెనిమిది శాతానికి పెరిగింది. పాత రేట్ల మీద అగ్రిమెంటు చేసుకుని సగం పనిలో ఉన్నవాళ్లు ఆ ఆరు శాతం ఎవరు భరించాలని ఫైళ్లు పట్టుకుని తిరిగారు. ఎనిమిది ముందు ఆరు ఎంత పెద్ద అంకో చూడండి.

మూడు: కాలువ కట్టిన రోజులు

ఇక మన డెల్టాకు వస్తాను. ఈ భాగం నాకు అన్నిటి కన్నా దగ్గరిది.

1852లో మొదలై 1855లో ముగిసిన ఆనకట్ట, అది 1952లో తెగిపోయాక దాని స్థానంలో 1957కు లేచిన ప్రకాశం బ్యారేజీ, ఈ రెండిటి పుణ్యాన సుమారు పదమూడు లక్షల ఎకరాలు పండుతున్నాయి. తూర్పున బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ. పడమర కొమ్మమూరు కాలువ. ఈ కాలువల్లో నీళ్లున్నంత కాలం రైతుకు పని. నీళ్లు ఆపి కాలువ కట్టేసిన రోజు నుంచి కాంట్రాక్టరుకు పని. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఉన్న కొద్ది వారాల్లోనే పూడిక తీయాలి, గుర్రపుడెక్క లాగాలి, లాకుల తలుపులు బాగుచేయాలి, తూములు, కల్వర్టులు కట్టాలి. జూన్‌లో నీళ్లు వదిలే రోజు ఎవరి కోసమూ ఆగదు, ఆగకూడదు కూడా. నారుమళ్లు ఎదురుచూస్తుంటాయి.

కాగితం మీద చూస్తే ఇంత స్పష్టమైన పని కాలం దేశంలో చాలా తక్కువ వృత్తులకు ఉంటుంది. ఏటా ఒకే నెలల్లో వచ్చే పని. మరి ఎందుకు కష్టం?

కాలువ కట్టే ముందు ఊళ్ల మంచినీటి చెరువులు నింపాలి. ఎండలు ముదిరితే ఇంకోసారి నింపమని పామర్రు నుంచి, గుడివాడ నుంచి, కైకలూరు నుంచి అడుగుతారు. అడగాల్సిందే. అలా ఏప్రిల్ కొంత పోతుంది. పూడిక ఎస్టిమేట్లకు మంజూరు మేలో వస్తే టెండరుకు గడువు, అగ్రిమెంటుకు గడువు. ఈలోగా జూన్ తలుపు కొడుతుంది. అప్పుడు ఒక మాట వినపడుతుంది: "నువ్వు మొదలుపెట్టు, కాగితాలు చూసుకుందాం." అన్నవారు చెడ్డవారు కాదు. వారికీ పైనుంచి ఒత్తిడి, కింద రైతులు. నోటి మాట మీద పొక్లెయిన్ దింపిన కాంట్రాక్టరు ఆ క్షణం నుంచి చట్టం లెక్కలో పరాయివాడు. కాగితం పడకపోతే అతను తీసిన పూడికకు లెక్కలేదు.

ఇంకో సంగతి బయటివాళ్లకు తెలియదు. గోడ కడితే గోడ కనిపిస్తుంది, పదేళ్ల తరవాతైనా కొలవొచ్చు. పూడిక తీసిన పని కనిపించదు. పనికి ముందు లెవెల్స్ తీయాలి, పని అయ్యాక మళ్లీ తీయాలి, ఆ రెండిటి తేడాయే పని. రెండోసారి లెవెల్స్ తీసేలోగా నీళ్లు వదిలారా, తీసిన మట్టీ పెట్టిన ఖర్చూ కాలువ అడుగున ఉండిపోతాయి. ఆ తరవాత ఎవరు ఏమన్నా అనొచ్చు. తీయలేదనొచ్చు, తీయకుండా తీశాననీ చెప్పొచ్చు. నిజాయితీగా తీసినవాడికీ, గట్టు మీద గడ్డి గీకి బిల్లు పెట్టినవాడికీ మధ్య తేడా చెరిగిపోతుంది. మొదటివాడికి ఇంతకన్నా శిక్ష ఏముంది? పూడిక పనుల్లో అవినీతి అని పత్రికలు రాసినప్పుడల్లా నాకు ఈ రెండో లెవెల్సే గుర్తొస్తాయి. తేదీలు సరిగ్గా ఉంటే దొంగ దొరుకుతాడు. తేదీలు జారితే దొంగ, దొర ఒకటే.

1997లో నీటి వినియోగదారుల సంఘాల చట్టం వచ్చాక చిన్న పనులు కొన్ని రైతుల చేతికి వెళ్లాయి. అది మంచిదేనని నా అభిప్రాయం, నీళ్లు పారించుకునేవాడికే పూడిక ఎక్కడుందో తెలుసు. తరవాత డెల్టా ఆధునికీకరణ పేరుతో పనులు పెద్ద ప్యాకేజీలయ్యాయి. ప్యాకేజీ పెద్దవారిది, అడుగున పని చేసేది మళ్లీ మన చిన్నవాడే, సబ్ కాంట్రాక్టరుగా. అప్పుడు అతనికి డివిజన్ ఆఫీసులో బిల్లు కూడా ఉండదు, ప్రభుత్వానికి అతనెవరో తెలియదు. పైవాడికి వచ్చాక తనకు రావాలి.

నాలుగు: మంచి ఏళ్లు, చెడ్డ ఏళ్లు

2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో రాజధానికి శంకుస్థాపన జరిగాక మన దగ్గర ఎంతమంది సెంట్రింగ్ షీట్లు కొన్నారో, ఎంతమంది మిక్సర్లు కొన్నారో మీకు తెలుసు. అద్దె ఇళ్లకు అంతస్తులు లేచాయి. మేస్త్రీ కొడుకు కాంట్రాక్టరయ్యాడు. 2016 నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయినప్పుడు శనివారం బట్వాడాకు నగదు దొరక్క వారాల తరబడి అల్లాడారు, అయినా తట్టుకున్నారు. ఎందుకంటే ముందు పని కనిపిస్తోంది.

2019లో అన్నీ ఒకేసారి వచ్చాయి. ప్రభుత్వం మారి రాజధాని పనులు ఆగాయి. ఇసుక విధానం మారింది, కొత్తది సెప్టెంబరులో వచ్చింది. ఈలోగా కృష్ణలో వరద. నది ఒడ్డున ఉండి ఇసుక లేక పనులు ఆగిన ఊరు మనది. నెలల తరబడి అడ్డాల మీద కూలీలు పొద్దెక్కేదాకా కూర్చుని ఇళ్లకు వెళ్లిపోయారు. పాత ప్రభుత్వ హయాంలో చేసిన నీరు-చెట్టు బిల్లులు, ఉపాధి హామీ బిల్లులు ఆగిపోయాయి. వెంటనే 2020 మార్చిలో లాక్‌డౌన్. 2021 అక్టోబరులో హైకోర్టు ఉపాధి పనుల బకాయిలను పన్నెండు శాతం వడ్డీతో నాలుగు వారాల్లో చెల్లించమంది. వడ్డీ ఇమ్మన్న ఆ ఒక్క మాట విలువ ఆ రోజు వరండాలో ఉన్నవాళ్లకే తెలుసు. నేను రెండో భాగంలో చెప్పిన లెక్కను ఒక న్యాయస్థానం ఒప్పుకుంది. కానీ రెండు రూపాయల వడ్డీ ఏడాదికి ఇరవై నాలుగు శాతం. పన్నెండు వచ్చినా సగమే తీరింది.

2024 సెప్టెంబరు 1న బుడమేరుకు గండ్లు పడి విజయవాడలో సింగ్‌నగర్ మునిగింది. కెమెరాలు మంచాలను, బీరువాలను చూపించాయి. ఆ ఇళ్లలో డ్రిల్లింగ్ మెషీన్లు, వెల్డింగ్ సెట్లు, మోటార్లు, రంగుల డబ్బాలు కూడా మునిగాయి. ఆ పేటల్లో ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు, పెయింటర్లు ఎంతమంది! వాళ్లకు పనిముట్లే దుకాణం. నీళ్లు తీశాక ఊరంతా మరమ్మతులే, పనికి కొదవ లేదు. చేయడానికి చేతిలో మెషీను లేదు, చేయించుకునేవాడి చేతిలో డబ్బు లేదు.

2025 మే 2న రాజధాని పనులు మళ్లీ మొదలయ్యాయి. ఈ పదేళ్లు దాటి నిలబడినవాళ్లను చూశాను. వాళ్లంతా గొప్ప పనివాళ్లు అని చెప్పలేను. ఎదురుచూడగలిగినవాళ్లు. వెనక పొలమో, ఉద్యోగం చేసే భార్యో, విదేశంలో కొడుకో ఉన్నవాళ్లు. పోయినవాళ్లలో నేను తల వంచి నమస్కరించే పనితనం ఉన్నవాళ్లున్నారు. ఒకరిద్దరు ఇప్పుడు అపార్ట్‌మెంట్లకు వాచ్‌మన్లు.

ఐదు: ఎదురుచూడలేని మనిషి

సాటి కాంట్రాక్టర్లకు ఒక మాట, మీరు నొచ్చుకున్నా సరే. మనం బిల్లు కోసం ఎదురుచూస్తాం, తిట్టుకుంటూనైనా చూడగలం. శ్రీకాకుళం నుంచో, ఒడిశా నుంచో వచ్చి గుడిసెలో ఉన్న కూలీ శనివారం దాటి ఆదివారం చూడలేడు. బిల్లు రాలేదన్న మాట అతనికి చెప్పే హక్కు మనకు లేదు. వారం కూలి ఆపి పని సాగించేవాణ్ని నేను కాంట్రాక్టరు అనను.

పోతే, ఆ ఒక శాతం సెస్సు. 1996 చట్టంతో మొదలై మన బిల్లులో కోసే ఆ సొమ్ము కార్మికుల సంక్షేమ బోర్డుకు వెళుతుంది. పేరు నమోదు చేసుకోవాలంటే గడిచిన ఏడాదిలో తొంభై రోజులు పని చేసినట్టు చూపించాలి. ఆ కాగితం మీద సంతకం ఎవరు పెట్టాలి? మనమే. డబ్బు కట్టింది మన బిల్లు నుంచి, లాభం పొందాల్సింది మన మేస్త్రీ, మధ్యలో ఒక సంతకానికి బద్ధకం. దయచేసి పెట్టండి.

ఇల్లు కట్టించుకునే గృహస్థులకు కూడా ఇదే లెక్క వర్తిస్తుంది. బేస్‌మెంటుకింత, లింటెల్‌కింత, శ్లాబుకింత, ప్లాస్టరింగుకింత అని ముందు రాసుకోండి. మధ్యలో మార్చిన గోడకు, పెంచిన మెట్లకు ఆ రోజే ధర రాయండి. గృహప్రవేశం అయ్యాక తలుపు సందు చూపించి ఆఖరి యాభై వేలు ఆపితే, ఆగేది అతని లాభం ఒక్కటే కాదు, వడ్డీతో సహా అతని వచ్చే పని.

ఆరు: అడిగేది

1852లో కెప్టెన్ ఆర్ గారు ఆనకట్ట మొదలుపెట్టినప్పుడూ వానకాలానికి ముందు ఎంత కట్టగలమన్నదే లెక్క. నది క్యాలెండరు ఎవరూ మార్చలేరు, ఆఫీసు క్యాలెండరు మార్చవచ్చు. పూడిక ఎస్టిమేట్లు సంక్రాంతికల్లా పైకి వెళ్లి, కాలువ కట్టే రోజుకు అగ్రిమెంట్లు చేతిలో ఉంటే నేను చెప్పిన నోటి మాటల అవసరం చాలా వరకు పోతుంది. కొత్త నిధులు అక్కర్లేని పని ఇది.

బిల్లుల వరుస అందరికీ కనిపించాలి. ముందు వచ్చిన బిల్లు ముందు పోవాలి. తన ముందు ఎన్ని బిల్లులున్నాయో తెలిస్తే మనిషి అప్పు ఎంత తేవాలో లెక్క వేసుకుంటాడు. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం సరుకు గానీ సేవ గానీ అందించిన చిన్న సంస్థకు నలభై అయిదు రోజుల్లో డబ్బివ్వాలంది, దాటితే వడ్డీ కట్టాలంది. అది కట్టడం పనులకు వర్తిస్తుందా లేదా అన్నది కోర్టుల్లో ఏళ్ల తరబడి వాదన. ఇటుకలు చేసి అమ్మినవాడికి రక్షణ ఉండి, ఆ ఇటుకలతో గోడ కట్టినవాడికి ఎందుకుండకూడదో నాకు అర్థం కాదు. రాష్ట్రం తన అగ్రిమెంటు ఫారంలోనే ఒక గడువూ ఒక వడ్డీ రాసుకుంటే కోర్టు దాకా వెళ్లే పనే లేదు.

ఇంకొకటి ఇంట్లో చేయాల్సింది. చాలామంది చిన్న కాంట్రాక్టర్లు లెక్కలన్నీ బుర్రలో, జేబులో చీటీ మీద పెట్టుకుంటారు. ఆ మనిషి ఉన్నట్టుండి పోతే, ఎవరికెంత ఇవ్వాలో చెప్పడానికి ఇంటికి చాలామంది వస్తారు. ఎవరి నుంచి ఎంత రావాలో ఆ ఇల్లాలికి ఒక్కరూ చెప్పరు. ఏ డివిజన్‌లో ఏ బిల్లు ఉంది, డిపాజిట్టు ఎక్కడ ఆగింది, ఎం బుక్కు నంబరెంత, ఇవన్నీ ఒక పుస్తకంలో రాసి ఆమెకు చూపించండి. ఆవిడ చదువుకోకపోయినా చూపించండి, పిల్లలు చదువుతారు.

ముందు వరుసలో కూర్చున్న ఏఈ గార్లకు, డీఈ గార్లకు చివరగా ఒకటి. కొలిచిన రోజునే కొలతల కాపీ మీద తేదీ వేసి, సంతకం చేసి కాంట్రాక్టరుకు ఇవ్వండి. దీనికి జీవో అక్కర్లేదు, పై అధికారుల అనుమతి అక్కర్లేదు. ఆ కాగితం చూసి రెండు రూపాయల వడ్డీవాడు రూపాయిన్నరకు ఇస్తాడు. వచ్చే ఏప్రిల్‌లో కాలువ కట్టగానే మొదలుపెట్టవచ్చు.